కేబులు వైరుకు వారబందీ

శుభవార్త వచ్చే సమయానికి ప్రవళిక చేతిలో అట్లకాడ, పెనం మీద దోశ ఉన్నాయి. ముందు గదిలో ఫోను మోగింది. అత్తగారు సోమమ్మ రిసీవరెత్తి, "బిడ్డా, పట్నం నుంచి ఎవలో మేడమంట, నిన్నే అడుగుతాంది" అని కేకేసింది. ప్రవళిక అట్లకాడతోనే పరుగెత్తింది. మాట్లాడి వచ్చేసరికి దోశ బొగ్గయింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె మాడ్చిన మొదటి దోశ అదే అయినా దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. వార్త అంత మంచిది.

హైదరాబాదులో ఒక కంపెనీ కంప్యూటర్ల ద్వారా పిల్లలకు లెక్కల పాఠాలు చెప్పిస్తుంది. చెప్పేవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని చెప్పవచ్చు. ఎమ్మెస్సీ చదివిన ప్రవళిక పెళ్లికి ముందెప్పుడో దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఆఖరి పరీక్షకు పిలుపు వచ్చింది. రేపు, శనివారం, పదకొండు గంటలకు కెమెరా ముందు కూర్చుని ఒక పిల్లకు భిన్నాలు నేర్పాలి. షరతు ఒక్కటే. రోజూ ఎక్కడి నుంచి పాఠం చెప్పబోతున్నారో పరీక్ష కూడా అక్కడి నుంచే ఇవ్వాలి.

ఇది తప్పితే సోమవారం ఆమె హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో చేరాలి. ఆ ఉద్యోగం పెళ్లికి ముందే ఖాయమైంది. హాస్టల్లో ఉండి, ఆదివారం తెల్లవారేసరికి వచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లాలి. భర్త కృష్ణకాంత్ నందికొండ రేవులో లాంచీల టికెట్లు ఇస్తాడు. శనివారం అతనికి సెలవు. ఆదివారం ఊపిరి సలపదు. అంటే ఆదివారం ఇంటికొచ్చిన భార్య వరుసలో నిలబడి టికెట్ల కిటికీలోంచి భర్తను చూసుకోవాలి. పెళ్లయి రెండు నెలలు నిండలేదు. ఈ సంగతి ఇద్దరూ పైకి అనుకోలేదు. మాడిన దోశ పొగలో నిలబడి, పెద్దవాళ్లు చూడకుండా ఒకరి చిటికెనవేలు ఒకరు పట్టుకున్నారు.

"నెట్టు ఒక్కటి మంచిగుంటె చాలు, నౌకరి నీదే" అన్నాడు కృష్ణకాంత్.

"ఏ నెట్టు?" అన్నాడు అతని తండ్రి భీమయ్య, పేపరు దించకుండానే.

ఆ ఇంట్లో నెట్లు రెండున్నాయి. మొదటిది భీమయ్యది. ఆయన సాగరు ఎడమ కాలువ మీద లష్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. తూముల తలుపులు ఎత్తడం, దించడం, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పారాలో చూడడం లష్కరు పని. కాలువను వదిలి వచ్చినా ఆయనకు నీళ్ల మీద ధ్యాస పోలేదు. ఇంట్లోని ఫోను లైనుకే ఒక మోడెం తగిలించి, రోజూ పొద్దున కంప్యూటర్లో డ్యాము నీటిమట్టం చూసుకుంటాడు. మోడెం మొదట కీచుమంటుంది, తర్వాత గరగరలాడుతుంది, కాసేపు గొంతు సవరించుకుని కలుస్తుంది. అప్పుడాయన స్నానానికి వెళ్తాడు. విభూతి పెట్టుకుని వచ్చేసరికి పేజీ సగం దిగి ఉంటుంది. మిగతా సగం టీ తాగుతూ చూస్తాడు. అది నడిచినంతసేపూ ఆ ఇంటికి ఫోను రాదు.

రెండోది కొడుకుది. వాళ్లుండే ప్రాజెక్టు క్వార్టర్ల వరుసలో ఎనిమిదిండ్లకూ టీవీ కేబులు ఇచ్చే గిరి, ఈ ఏడాది అదే వైరు మీద నెట్టు కూడా తెచ్చాడు. పెళ్లి కుదరగానే కృష్ణకాంత్ పెట్టించిన మొదటి సౌకర్యం అదే.

"బాపూ, నీ దాంట్ల ఒక్క ఫొటో దిగేసరికి అన్నం ఉడుకుతది. కేబుల్ల సినిమాకు సినిమానే దిగుతది" అన్నాడు కృష్ణకాంత్.

"దిగుతది. పగటీలి దిగుతది. అందరు డ్యూటీలకు పోతరు గనుక."

"ఇప్పుడే చూద్దాం పా."

తండ్రీకొడుకులు రెండు యంత్రాల మీద ఒకే పేజీ తెరిచారు. కొడుకు లాప్‌టాప్‌లో డ్యాము రెప్పపాటులో వచ్చి నిలబడింది. తండ్రి కంప్యూటర్లో పైనుంచి కిందికి ఒక్కొక్క గీతగా దిగసాగింది. ముందు ఆకాశం వచ్చింది. చాలాసేపు ఆకాశమే వచ్చింది. గేట్లు కనబడే వేళకు కృష్ణకాంత్ డ్యూటీకి ఆలస్యమైంది.

"ఒప్పుకున్నవా?" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"రేపు రెండో శనివారం. వరుస వరుసంత ఇంట్లనే ఉంటది. అప్పుడు మాట్లాడు" అన్నాడు భీమయ్య. ఆయన ముఖంలో ఓడిన ఛాయలేమీ లేవు.

రేపటి దాకా ఆగనక్కరలేకపోయింది. ఆ సాయంత్రం వరుసలో అందరూ ఇళ్లకు చేరాక, ప్రవళిక కేబులు నెట్టు మీద నల్గొండలోని స్నేహితురాలు త్రివేణితో వీడియోలో మాట్లాడి చూసింది. కొత్త చీర కట్టుకుని, బొట్టు సరిచేసుకుని, "నమస్కారం పిల్లలూ" అంది. కాసేపటికి, ఇంటి గేటు దగ్గర సిగ్నలున్న చోట నిలబడ్డ కృష్ణకాంత్ సెల్లుకు త్రివేణి ఫోను చేసింది.

"అన్నా, అది తుమ్మబోతున్నట్టు నోరు తెరిచి అట్లనే నిలబడ్డది. ఎంతసేపైనా తుమ్ముతలేదు. జర చూడు."

ప్రవళిక లాప్‌టాప్ మూసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. సోమమ్మ ఆమె తల నిమిరి, "నీ మొకం మంచిగనే ఉన్నది బిడ్డా, దానికే సూపెట్టుడు రాదు" అంది.

భీమయ్య గొంతు సవరించుకున్నాడు. "గిరిగాడు తెచ్చింది ఒక్కటే కాలువ. ఎనిమిదిండ్లకు ఎనిమిది తూములు. మనది ఆఖరి క్వార్టరు. పైనోళ్లు తలుపులు బార్ల తెరిస్తె మనకు బురద గూడ రాదు. నా ఫోను లైను బాయి అసుంటిది. చేదెడే వస్తది, గని నా ఒక్కనిదే."

"చేదెడు నీళ్లల్ల నా ముఖం కనవడదు కద మామయ్యా" అంది ప్రవళిక.

ఆమె ఆ మాట ఫిర్యాదుగా అనలేదు. కానీ భీమయ్యకు ఎక్కడో తగిలింది. ఆయన సర్వీసంతా ఆయకట్టు చివరి రైతులు ఇలాంటి గొంతుతోనే వచ్చి నిలబడేవారు. వాళ్లలో ఎవరి మడీ ఆయన ఎండనివ్వలేదు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. రేపు వారబందీ పెడుత" అన్నాడు లేచి నిలబడి.

కాలువలో నీళ్లు అందరికీ చాలనప్పుడు వంతులు వేస్తారు. దాన్నే వారబందీ అంటారు. కింది భూముల వంతు వచ్చినప్పుడు పై తూములన్నీ మూసెయ్యాలి. భీమయ్య పెట్టె అడుగు నుంచి లష్కరు ఈల తీసి తుడుచుకున్నాడు. చేతికర్ర పట్టుకుని ఇంటింటికీ బయలుదేరాడు. ఆ వరుసలో ఉన్నవాళ్లంతా కాలువల శాఖలో పనిచేసి రిటైరైనవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. నెట్టుకు వారబందీ అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. చిక్కంతా వాళ్లకు అంత బాగా అర్థం కావడంలోనే ఉంది.

నడిమి క్వార్టరులో లచ్చయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డ్యాము గేట్ల దగ్గర పనిచేసిన మనిషి.

"ఎప్పటిసంది ఎప్పటిదాక బందు?" అన్నాడు.

"పదింటిసంది పన్నెండింటిదాక. గంతే."

"మళ్ల ఇడుస్తరా?"

"ఇడువకేమైతది!"

లచ్చయ్య తల ఊపాడు. మళ్లీ విడుస్తామనే మాట ఆయన చాలా సీజన్లలో చాలామందికి చెప్పిన మనిషి. లోపలికి వెళ్లి కొడుకును పిలిచాడు.

వరుసలో అన్నిటికంటే ఎత్తున ఉన్నది నర్సింగమ్మ క్వార్టరు. ప్రాజెక్టు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైంది. ఒంటరి మనిషి.

"అన్నా, నాకు నెట్టే లేదు. టీవీ ఒక్కటే" అంది.

భీమయ్య చిన్నగా నవ్వాడు. మొదటి తూము రైతు ఎప్పుడూ చుక్క కూడా వాడుకోలేదనే అంటాడు. గట్టు కింద చూస్తే గొట్టం ఉంటుంది.

"పై తూమోళ్లందరు గదే మాటంటరు చెల్లే. సర్వీసంత విన్న."

"అయ్యో, నిజంగనే లేదే!"

"ఉన్నా లేకున్నా పది కొట్టంగనే అన్ని బందు. ఏ ఒక్కటి నడువొద్దు. మా కోడలు కాపురం దీని మీదున్నది."

నర్సింగమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "కాపురమా! గంతదాక వచ్చిందా?"

"ఔ మల్ల. రేపు తప్పితె సోమవారం హైద్రాబాదుకు పోవుడే."

ఆయన ఉద్యోగం సంగతి చెప్పానే అనుకున్నాడు. చెప్పలేదు. రాత్రి అన్నాల వేళకు, భీమయ్య కోడలు మొగుణ్ణి వదిలి సోమవారం వెళ్లిపోతోందని, రేపు పొద్దున పంచాయితీ అని, అందుకే టీవీలు కూడా పెట్టొద్దన్నారని వరుస అంతా తెలిసిపోయింది. కేబులు గిరికి మాత్రం ఇంకో కబురు అందింది. భీమయ్య ఇంటింటికీ తిరిగి కనెక్షన్లు బందు పెట్టిస్తున్నాడని. కేబులు వ్యాపారంలో ఉన్న మనిషికి అలాంటి కబురుకు ఒకటే అర్థం. ఎవడో కొత్త ఆపరేటరు దిగుతున్నాడు.

మరునాడు పొద్దున ప్రవళిక తలస్నానం చేసి, ముందు గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు కుర్చీ వేసుకుంది. కిటికీలోంచి వెలుతురు కుర్చీ మీద పడుతోంది. తన సొంత తరగతి గదిని ఆమె రెండుసార్లు బయటికి వెళ్లి, గడపలోంచి కొత్తగా చూసుకుని వచ్చింది. నెట్టు మాత్రం కదలడం లేదు.

కాలువ బందు పడుతుందని తెలిస్తే ఏ రైతైనా ముందు మడి నింపుకుంటాడు. వరుసంతా కోడికూతకు ముందే లేచి నింపుకుంటోంది. లచ్చయ్య కొడుకు చేత వారానికి సరిపడా భజనలు దింపిస్తున్నాడు. ఆయన కోడలు పచ్చళ్ల వీడియోలు దింపుతోంది, మామిడికాయల కాలం కాకపోయినా. పక్కింటాయన ఏం దింపాలో తోచక, "ఏదో ఒకటి దింపురా, మళ్ల ఇడుస్తరో ఇడువరో" అని కొడుకును తొందరపెడుతున్నాడు. గిరి నెట్టు తెచ్చినప్పటి నుంచి ఆ వైరు అంత బరువు ఎన్నడూ మొయ్యలేదు.

పది కొట్టగానే భీమయ్య ఈల ఊదాడు.

అందులో ఆయనకు సాటి లేదు. పైనుంచి కిందికి ఒక్కో ఇంటి ముందు ఆగి, ఈల ఊది, కర్రతో గేటు తట్టి, "బందా?" అని అడిగి, "బందే" అనిపించుకుని కదిలాడు. లచ్చయ్య దగ్గర, "ఒక్క భజన మిగిలింది అన్నా" అంటే వినలేదు. నర్సింగమ్మ తలుపు వేసి ఉంది. లోపలి నుంచి, "బందు వెడుతున్న, బందు వెడుతున్న" అని గొంతు వినబడింది.

ఇంట్లో కృష్ణకాంత్ లాప్‌టాప్ మీద వంగి ఉన్నాడు. "వస్తాంది! బాపూ, పారుతాంది!" అని అరిచాడు. తెర మీద త్రివేణి కదిలింది, నవ్వింది, నోరూ మాటా కలిశాయి. "ఓసి, నీ ముక్కుపుడక గూడ మెరుస్తాంది" అంది. ప్రవళిక కుర్చీలోనే చిన్నగా ఎగిరింది. సోమమ్మ గిన్నెలో పెరుగూ చక్కెరా కలిపి తెచ్చి నోట్లో పెట్టింది. భీమయ్య గడపలో నిలబడి, చివరి మడికి నీళ్లెక్కుతుంటే చూసినట్టు కోడలి ముఖం చూశాడు.

పెరుగు గొంతు దిగేలోపు తెర నల్లబడింది.

ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెట్టు మాత్రం లేదు. టీవీ పెట్టి చూస్తే దానిలోనూ బొమ్మ లేదు. ఎంతసేపు కుస్తీ పట్టినా రాలేదు. పదకొండు కావస్తోంది.

"గండి వడ్డది" అన్నాడు భీమయ్య. కర్ర తీసుకుని, తలెత్తి వైరును చూసుకుంటూ వరుస పైకి నడిచాడు. నర్సింగమ్మ ఇంటి దగ్గరి స్తంభం మీద గిరి ఉన్నాడు, చేతిలో కటింగు ప్లేరు.

"ఏయ్ గిరీ! కాలువకు గండి గొట్టింది నువ్వా!"

"కాలువేంది కాకా! వైరు నాది! ముందుగాల ఎవన్ని తెస్తున్నవో చెప్పు. దేవరకొండోడా, మిర్యాలగూడోడా?"

"ఎవడు రా?"

"నా కనెక్షన్లన్ని బందు వెట్టిస్తివి. నాకు తెల్వదనుకున్నవా? లైను సచ్చిందని ఫోనొస్తె ఉరికొచ్చి స్తంభమెక్కిన."

"బందు వెట్టకుంటె నీ వైరుల చుక్క పారుతదా! దిగు ముందుగాల!"

"దిగ. నువ్వు ఈల ఊదితె దిగుడుకు నేను రైతునా?"

ఇద్దరూ ఇలా కాలువ హక్కులు తేల్చుకుంటూ ఉండగా, వాళ్లిద్దరి వెనక నర్సింగమ్మ ఇంటి గోడకు గిరి బిగించిన ఇనుప డబ్బా ఒకటి ఉంది. వరుసంతటికీ సిగ్నలును తోసేది ఆ డబ్బానే. దాని మీద వెలగాల్సిన దీపం వెలగడం లేదు. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

ఇంటి దగ్గర కృష్ణకాంత్ ఆలస్యం చెయ్యలేదు. ప్రవళికను తండ్రి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఫోను లైను మోడెం ఆన్ చేశాడు. అది కీచుమంది, గరగరలాడింది, కలిసింది. కెమెరా తగిలించారు. సరిగ్గా వేళకు కంపెనీ మేడం స్నేహలత తెర మీదికి రావడం మొదలుపెట్టింది. ముందు పాపిడి వచ్చింది. నుదురు వచ్చింది. బొట్టు వచ్చింది. కనుబొమల దగ్గర ఆగిపోయింది. మాట ముక్కలు ముక్కలుగా పడుతోంది. "ప్రవ... వినబ... పాప సిద్ధ..." ఆ నుదుటిని చూస్తూ ప్రవళిక, "నమస్కారం మేడం" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మోడెం వైరు వదులైందేమోనని కృష్ణకాంత్ బల్ల కిందికి దూరి, మోకాళ్ల మీద కూర్చుని, ఆమె పాదాల దగ్గర వైరును నొక్కి పట్టుకున్నాడు.

అటు తలుపులూ కిటికీలూ వేసుకుని వెనక గదిలో కూర్చున్న నర్సింగమ్మ చెమటతో తడిసిపోయింది. ఏ ఒక్కటీ నడవొద్దని భీమయ్య చెప్పాడు కనుక ఆమె ఒక్కటీ మిగల్చలేదు. ఇంక తెరవచ్చా అని అడుగుదామని భీమయ్య ఇంటికి ఫోను చేసింది. ఎంగేజి. మళ్లీ చేసింది. మళ్లీ ఎంగేజి. పంచాయితీ నడిచే ఇంట్లో ఫోనెత్తి పక్కన పెట్టారంటే లోపల వ్యవహారం ముదిరినట్టే. వెనక తలుపు నుంచి బయటపడి, దారిలో ప్రతి ఇంటి ముందూ, "రాండ్రి, పిల్ల పోయేటట్టున్నది" అని కేకేస్తూ దిగింది. నెట్టు లేదు, టీవీ లేదు. పిలిస్తే రానివాళ్లెవరూ వరుసలో లేరు.

గడప దగ్గరికి వచ్చేసరికి వాళ్లకు కనబడిన దృశ్యం ఇది. కొత్త చీరలో కోడలు కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఆమె కాళ్ల దగ్గర మోకాళ్ల మీద భర్త ఉన్నాడు. "ఒక్క నిమిషం ఓపిక వట్టు, కదలకు" అని బతిమాలుతున్నాడు.

లచ్చయ్య చలించిపోయాడు. "మొగోడు కాళ్లు వట్టుకున్నంక ఇంకేమున్నది బిడ్డా. మాఫ్ చెయ్యి" అన్నాడు.

"సంచి సదిరినవా? దించు. మేమున్నం" అంది నర్సింగమ్మ, లోపలికి వచ్చి ఆమె భుజం పట్టుకుని.

"సంచేంది?" అంది సోమమ్మ పెరుగు గిన్నెతో.

"నువ్వు మాట్లాడకు సోమమ్మా. అత్తలు మంచిగుంటె కోడండ్లు ఎందుకు పోతరు!"

సోమమ్మ గిన్నె కింద పెట్టింది. ఇక అక్కడొక నిజమైన పంచాయితీ మొదలయ్యేదే. బల్ల కింది నుంచి కృష్ణకాంత్ తల బయటికి పెట్టి, "కాపురం మంచిగనే ఉన్నది పెద్దమ్మా! నెట్టే మంచిగ లేదు!" అని అరిచాడు. ఆ వెనకే భీమయ్యా గిరీ ఒకరినొకరు తోసుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"అన్నా, వచ్చినవా! ఇంక తెరవచ్చా?" అంది నర్సింగమ్మ. "ఫ్యాను గూడ లేక ఉడికి సస్తున్న. ఏది నెట్టో ఏది కాదో తెల్వక మెయినే బందు వెట్టిన."

గిరి తల పట్టుకున్నాడు. "మెయినా! అవ్వా, నా డబ్బకు కరెంటు నీ ఇంట్లకెళ్లే పోతది గదనే! అందుకే గద నీకు టీవీ ముఫత్‌ల ఇస్తున్న!"

భీమయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చివరి మడికి నీళ్లెక్కించడానికి తాను తూములు మూయించలేదు, డ్యామే మూయించాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

"ఇప్పుడు మెయిన్ ఏస్తె ఎంతసేపట్ల వస్తది?" అన్నాడు కృష్ణకాంత్.

"డబ్బ లేసుడికి జర టైము వడ్తది. లేవంగనే అందరు తెరుస్తరు. మిగిలిన భజనలున్నయంట" అన్నాడు గిరి. లచ్చయ్య కిటికీలోంచి బయటికి చూశాడు.

తెర మీద నుదురు అలాగే ఉంది. ప్రవళిక దానివైపు ఒకసారి, గదినిండా నిలబడ్డ జనం వైపు ఒకసారి చూసింది. లేచి మోడెంలోంచి వైరు పీకి, ఫోనుకు తగిలించి, స్నేహలతకు డయలు చేసింది. స్పీకరు మీట నొక్కింది.

"మేడం, నా ముఖం పంపలేను. గొంతు పంపుత. గొంతుతోనే పాఠం చెప్పమంటె చెప్త."

అటువైపు నుంచి స్పష్టంగా, గదిలోనే కూర్చుని అన్నట్టు, "చెప్పండి. మా అమ్మాయి పూజ ఇక్కడే ఉంది, అయిదో తరగతి" అని వినబడింది.

బోర్డు లేదు. బొమ్మ లేదు. వెనక కట్టిన తెల్ల దుప్పటి ఎవరికీ కనబడదు. ప్రవళిక గొంతు సర్దుకుంది.

"పూజా, మా దగ్గర ఒక కాలువ ఉంది. దాని మీద ఎనిమిది ఇండ్లు. నీళ్లు అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్క ఇంటికి ఎంత?"

"ఎనిమిదో వంతు" అంది పూజ సన్నగా.

"ఎనిమిదో వంతేనా!" అని నర్సింగమ్మ నోరు జారింది. "మొదటిల్లు నాది. నాకు జర ఎక్కువ రావాలె గద!"

"గదే, గదే! పై తూమోళ్ల బుద్ధి!" అన్నాడు భీమయ్య స్టూలు మీది నుంచి.

"వాళ్లెవరు టీచర్?"

"కాలువ మీద ఉండేవాళ్లు పూజా. ఇప్పుడు ఆ మాట్లాడిన అవ్వ తన తూము మూసింది. మిగిలినవాళ్లకు ఎంతెంత?"

"ఏడో వంతు..." పూజ ఆగింది. "అయితే వాళ్లకు తక్కువైంది కదా? ఎనిమిది కన్నా ఏడు చిన్నది."

"తక్కువెట్లయితది బిడ్డా!" లచ్చయ్య ఫోను మీదికి వంగాడు. "ఒక మనిషి పక్కకు జరిగితె మిగిలినోళ్లకు ఎక్కువ రాదా? నీ ఇంట్ల పూరీలు పంచేటప్పుడు ఒక చుట్టం లేసి పోయిండనుకో!"

అటువైపు ఆలోచన నడిచింది. "ఓ! మనుషులు తగ్గితే వంతు పెద్దదవుతుంది! ఏడో వంతే పెద్దది!"

"ఇంకొకరు మూస్తే?"

"ఆరో వంతు. ఇంకా పెద్దది. టీచర్, అందరూ మూసి ఒక్కరే తెరిస్తే మొత్తం వాళ్లదే!"

"అదే నేను నిన్నటిసంది మొత్తుకుంటున్న" అన్నాడు భీమయ్య.

"మూసేటప్పుడు డబ్బ ఎక్కడున్నదో చూసి మూయాలె" అన్నాడు గిరి.

పూజ నవ్వింది. ఆ నవ్వు ఎక్కడా ఆగలేదు, ముక్కలు కాలేదు. అక్కడ మొదలైంది మొదలైనట్టే వచ్చి గదిలో అందరినీ తాకింది. పాఠం ఇంకా కాసేపు సాగింది. నాలుగో వంతు కోసం లచ్చయ్య, నర్సింగమ్మ గట్టిగానే పోట్లాడారు. ప్రవళిక ఇద్దరినీ కలిపి సగం చేసి ఊరుకోబెట్టింది.

పన్నెండు కావస్తుండగా స్నేహలత ఫోను తీసుకుంది.

"ప్రవళికగారూ, కంప్యూటరు పాఠాలకు మీ ఇల్లు పనికిరాదండీ."

కృష్ణకాంత్ బల్ల అంచు పట్టుకున్నాడు. ప్రవళిక, "తెలుసు మేడం" అంది మెల్లగా.

"ఉండండి, మాట కానివ్వండి. నెట్టు లేని ఊళ్ల పిల్లలకు ఫోన్ల మీదనే లెక్కలు చెప్పించాలని ఎప్పటి నుంచో చూస్తున్నం. బోర్డు లేకుండా చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకలే. మీరు సోమవారం నుంచి మొదలుపెట్టండి. రోజూ సాయంత్రం ఆరింటికి. మీ ఇంటి నుంచే, ఇదే ఫోను మీద."

ఫోను పెట్టేసే దాకా ఆగలేక సోమమ్మ కోడలి నోట్లో మిగిలిన పెరుగంతా పెట్టింది. కృష్ణకాంత్ తండ్రి ఎదురుగానే భార్య చెయ్యి పట్టుకున్నాడు. లచ్చయ్య తాను చెప్పబట్టే కాపురం నిలబడిందని పక్కవాళ్లకు చెబుతున్నాడు. ఆరింటి నుంచి ఆమె ఇంట్లోనే ఉంటుంది, తాను రేవు నుంచి వచ్చేది కూడా ఆ వేళకే అని కృష్ణకాంత్ లెక్కవేసుకున్నాడు. ఆమె పాఠం చెబుతుంటే పక్కన తానొక్కడే కూర్చుని టీ తాగవచ్చు.

"ఇంకొక్క మాట" అంది ఫోను. "వెనక కొట్లాడిన పెద్దమనుషులు ఉన్నరు కదా, వాళ్లు కూడా రోజూ ఉండాలె. పాప వాళ్ల కోసమే వింటానంటోంది."

నర్సింగమ్మ చెంగు సర్దుకుని నేల మీద గోడవారగా కూర్చుని, అది తన జాగా అని అందరికీ తెలిసేలా పక్కన చెయ్యి ఆనించింది. లచ్చయ్య కిటికీ పక్క తీసుకున్నాడు. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ సర్దుకున్నారు.

భీమయ్య స్టూలు మీది నుంచి లేచాడు. "సోమవారం దాక ఆగుడెందుకు? రేపు సాయంత్రం ఆరింటికే ఒకసారి చేసి చూద్దాం. ఎనిమిదిండ్లోళ్లు రావాలె. ఎవలు ఎప్పుడు కొట్లాడాల్నో వంతులేస్త."

"నేను గూడ రావాల్నా కాకా?" అన్నాడు గిరి.

"నువ్వు రాకుంటె కాలువ ఎవడు?"

"మరి నేను?" అన్నాడు కృష్ణకాంత్.

అందరూ అతనివైపు చూసి, గదిలో జాగా చూసి, కొంతసేపు ఆలోచించి, టీ పని అతనికి అప్పగించారు.